ఎడమ చేతిలో తాళం

1955 సెప్టెంబర్ 19న కాలిఫోర్నియా తీరంలోని కార్మెల్ అనే చిన్న పట్టణంలో ఎరోల్ గార్నర్ పియానో కచేరీ జరిగింది. పక్కన ఒక బాసు, ఒక డ్రమ్స్, అంతే. ఆ రాత్రి రికార్డింగును కొలంబియా కంపెనీ ‘కాన్సర్ట్ బై ద సీ’ పేరుతో విడుదల చేసింది. జాజ్‌లో బాగా అమ్ముడుపోయిన రికార్డుల్లో అదొకటి. గార్నర్‌కు స్వరలిపి చదవడం రాదు, జీవితాంతం నేర్చుకోలేదు కూడా. ఆ రికార్డు పెట్టుకుని కుడిచేతిని కాసేపు మరిచిపోయి ఎడమచేతినే వింటే, గిటారిస్టు తీగల మీద కొట్టినట్టు నాలుగు బీట్లూ సమానంగా పడుతుంటాయి. కుడిచేయి మాత్రం వెంట్రుకవాసి వెనక నడుస్తుంది. ఒక్కోసారి ఇక అందుకోలేదేమో అనిపించేంత వెనకబడుతుంది. పదం పూర్తయ్యేసరికి రెండు చేతులూ ఒకచోట చేరతాయి. వినేవాళ్ల ఒంట్లో ఊపు పుట్టేది ఆ ఎడం వల్లే.

హైదరాబాద్, విశాఖల్లోనూ, డల్లాస్, న్యూజెర్సీల తెలుగు ఇళ్లలోనూ పియానో నేర్చుకునే పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం గ్రేడ్ పరీక్షలు ఒక్కొక్కటే దాటుతుంటారు. స్కేళ్లు తప్పు లేకుండా వాయిస్తారు, కొన్ని స్వరాలు కలిసి మోగే కార్డు వినిపిస్తే పేరు టక్కున చెబుతారు, థియరీ పేపర్లో మంచి మార్కులు తెచ్చుకుంటారు. అయినా వాళ్లలో చాలామంది వాయిస్తుంటే వినేవాళ్ల కాలు కదలదు. స్వరాలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, పాట మాత్రం నడవదు. అందులో పిల్లల లోపం ఏమీ లేదు, నేర్పే వరసలోనే లోపం ఉంది.

లయ పుట్టుకతో రావాలి, నేర్పితే వచ్చేది కాదు అనే మాట సంగీతం ఉన్న ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. దాన్ని పరీక్షించి చూడడానికి ఇప్పుడు కావలసినన్ని ఆధారాలున్నాయి. పాత వాద్యకారుల ఉత్తరాలు, నూరేళ్ల కిందటి రికార్డింగులు, ప్రయోగశాలల కొలతలు, వీధుల్లో లయ నేర్చుకున్న సమాజాల అనుభవం అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకే సంగతి వేరువేరు వేషాల్లో ఎదురవుతుంది. మంచి వాయింపులో రెండు పొరలుంటాయి. ఒకటి కదలకుండా నిలబడుతుంది, ఇంకొకటి దాన్ని ఆనుకుని స్వేచ్ఛగా తిరుగుతుంది. అందరి చెవీ పడేది రెండోదాని మీద. ఎక్కువ సాధన అడిగేది మాత్రం మొదటిది.

మొజార్ట్‌కు ఈ సంగతి బాగా తెలుసు. 1777 అక్టోబరులో ఆగ్స్‌బర్గ్ నుంచి తండ్రికి రాసిన ఉత్తరంలో, నెమ్మదైన అడాజియోల్లో తన కుడిచేయి కాలాన్ని అటూ ఇటూ లాగినా ఎడమచేతికి ఆ సంగతే తెలియదనీ, మిగతావాళ్లు వాయిస్తే ఎడమచేయి కూడా లొంగిపోతుందనీ చెప్పుకున్నాడు. షోపాన్ శిష్యులదీ అదే సాక్ష్యం. ఎడమచేయి బృందాన్ని నడిపించే నాయకుడని, అది తడబడకూడదని ఆయన వాళ్లకు చెప్పేవాడు. కాలాన్ని అలా లాగి వాయించే రుబాటోకు అంత పేరుపడ్డ షోపాన్ పియానో మీద మెట్రోనోమ్ ఎప్పుడూ ఉండేదని శిష్యుడు కరోల్ మికులి రాసిపెట్టాడు.

షోపాన్ గురించే పియానిస్టు చార్లెస్ హాలే చెప్పిన ఉదంతం ఒకటి ఉంది. మజుర్కా పోలండు నృత్యం, బార్‌కు మూడు బీట్లు. షోపాన్ తన మజుర్కాలను వాయిస్తుంటే మూడు కాదు, నాలుగు వినిపిస్తున్నాయని హాలే అన్నాడు. మొదటి స్వరం మీద ఆయన అంతసేపు నిలిచేవాడు. షోపాన్ ససేమిరా ఒప్పుకోలేదు. హాలే ఆయన చేత ఒక మజుర్కా వాయింపజేసి, బార్‌కు నాలుగు చొప్పున పైకి లెక్కపెట్టాడు. లెక్క అచ్చంగా సరిపోయింది. అప్పుడు షోపాన్ నవ్వేసి, అది ఆ నృత్యానికున్న జాతి లక్షణమని సమాధానం చెప్పాడు. చిన్నప్పుడు వేసవి సెలవులకు షఫార్నియా అనే పోలండు పల్లెకు వెళ్లి జానపదుల ఆటపాటలు విన్నవాడు ఆయన. ఆ సాగదీత ఆయన రాసిన కాగితం మీద ఎక్కడా లేదు. కాగితాన్నే నమ్ముకున్న విద్యార్థికి అది ఏనాటికీ దొరకదు.

జర్మనీలో వెల్టె కంపెనీ 1904లో ఒక యంత్రం తెచ్చింది. పియానిస్టు వాయించినదాన్ని అది రంధ్రాలున్న కాగితపు చుట్టల మీదికి ఎక్కించి తిరిగి వాయించేది. 1824లో పుట్టిన కార్ల్ రైనెకె కూడా దానికోసం వాయించాడు. ఆ చుట్టల్లో ఆయన రెండు చేతులూ ఒకేసారి పడవు. ఎడమచేయి ముందు, కుడిచేయి తర్వాత, కార్డులు అలలుగా విచ్చుకుంటాయి. ఈనాటి పరీక్షలో అలా వాయిస్తే మార్కులు పోతాయి. లయ గురించిన అభిరుచి తరానికో తీరుగా మారుతుందని ఆ చుట్టలు చెబుతున్నాయి. ఇప్పుడు ‘సరైనది’ అనుకుంటున్నదీ ఒక కాలపు అలవాటే.

కొలతల వైపు వస్తే, మొదట చెప్పుకోవలసినవాడు బ్రూనో రెప్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. 1992లో ఆయన షూమన్ రాసిన ‘ట్రాయ్‌మెరై’ అనే చిన్న రచనను తీసుకుని, 24 మంది పియానిస్టుల 28 రికార్డింగుల్లో ఏ స్వరం ఎప్పుడు మొదలైందో కొలిచాడు. ఒక్కరు కూడా కాగితం మీద ఉన్నట్టు సమంగా వాయించలేదు. పదాల చివర నెమ్మదించడం అందరిలోనూ ఉంది, ఎంత నెమ్మదించాలన్న దగ్గరే తేడా. కొన్నేళ్ల తర్వాత ఆయనే అనేకమంది వాయింపులను కలిపి సగటు తీసి, ఆ సగటు కాలగమనంతో కంప్యూటరు చేత వాయింపజేసి శ్రోతలకు వినిపించాడు. నాణ్యతలో ఆ సగటు పైవరసలో నిలిచింది, వ్యక్తిత్వంలో మాత్రం వెనకబడింది. ఈ ఫలితాన్ని టీచర్లు ఇంకా సరిగా వాడుకోలేదు. ఫీల్ అని అందరూ మురిసిపోయేదాంట్లో పెద్ద వాటా పియానిస్టుల ఉమ్మడి ఆస్తి. అది ఒకరిని విని ఇంకొకరు నేర్చుకున్నది. ఉమ్మడిదైతే నేర్పవచ్చు.

రెండో కొలత పియానో పెట్టె లోపలి సంగతి. కీ నొక్కితే లోపలి సుత్తి తీగ వైపు ఎగురుతుంది. గట్టిగా నొక్కిన సుత్తి తొందరగా, మెల్లగా నొక్కినది ఆలస్యంగా తీగను తాకుతుంది. మంచి పియానిస్టుల కార్డుల్లో పాట వరస ఉన్న స్వరం మిగతావాటికన్నా 30 మిల్లీసెకన్ల దాకా ముందు వినిపిస్తుందని ఎప్పటినుంచో తెలుసు. సెకనులో వెయ్యో వంతు మిల్లీసెకను. అది కావాలని చేసే అలంకారమని చాలామంది అనుకున్నారు. వెర్నర్ గోబ్ల్ అనే ఆస్ట్రియన్ పరిశోధకుడు 2001లో ప్రచురించిన పరిశోధనలో 22 మంది పియానిస్టుల చేత కంప్యూటరు అమర్చిన బోసెండోర్ఫర్ మీద వాయింపజేసి చూశాడు. సుత్తులు తీగలను తాకిన సమయాల్లో తేడా ఉంది. వేళ్లు కీలను కదిలించడం మొదలుపెట్టిన క్షణం మాత్రం దాదాపు ఒక్కటే. పాట స్వరాన్ని కాస్త బలంగా పలికిస్తే కాలం దానంతటదే ముందుకు జరిగింది. ‘ఈ స్వరం కొంచెం ముందు పడాలి’ అని సాధన చేయబోయిన విద్యార్థి చెడగొట్టుకునేది ఇక్కడే. వేలి బరువును పట్టించుకుంటే సరిపోయేది, వాడు గడియారాన్ని పట్టించుకుంటాడు.

జాజ్‌లో స్వింగ్ సంగతి ఇంకా పదునైనది. ప్రతి బీట్‌నూ రెండుగా విరిచి మొదటిది పొడుగు, రెండోది పొట్టి చేసి వాయించాలని, ఆ నిష్పత్తి రెండుకు ఒకటని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. స్వీడన్ పరిశోధకులు ఆండర్స్ ఫ్రైబెర్గ్, ఆండ్రియాస్ సుండ్‌స్ట్రోమ్ టోనీ విలియమ్స్, జాక్ డిజానెట్ వంటి డ్రమ్మర్ల రికార్డింగులను కొలిచి 2002లో ఫలితాలు ప్రచురించారు. పుస్తకం చెప్పిన నిష్పత్తి స్థిరంగా నిలవలేదు. విలంబంలో అది సుమారు మూడున్నరకు ఒకటి, వేగం పెరిగేకొద్దీ తగ్గుతూ చివరికి రెండు భాగాలూ సమానం.

అంతకన్నా విలువైనది సోలో వాద్యకారుల గురించి వాళ్లు చెప్పింది. బీట్ మీద పడాల్సిన స్వరాన్ని సోలో వాద్యకారులు డ్రమ్మర్ సింబల్ కన్నా ఆలస్యంగా వాయిస్తారు. బీట్ల మధ్యలో పడే పొట్టి స్వరం దగ్గర మాత్రం ఇద్దరూ ఒక్కసారిగా కలుస్తారు. అంటే వెనకబడడం ఒకచోట, కలుసుకోవడం ఇంకోచోట, రెండూ ప్రతి బీట్‌లోనూ జరుగుతున్నాయి. 2022లో జర్మనీలోని గటింగెన్ పరిశోధకులు పియానో రికార్డింగుల్లో ఈ ఆలస్యాలను మార్చి జాజ్ వాద్యకారులకు వినిపించారు. బీట్ మీది స్వరాలను కొద్దిగా ఆలస్యం చేసి, మధ్య స్వరాలను కదపకుండా ఉంచినప్పుడే స్వింగ్ ఎక్కువగా ఉందని వాళ్లు తేల్చారు. ‘వెనక వాయించు’ అని మాస్టరు చెబితే అన్ని స్వరాలనూ సమానంగా వెనక్కి లాగే విద్యార్థికి లయ బరువెక్కడం తప్ప స్వింగ్ రాకపోవడానికి కారణం ఇదే.

అయితే ఈ చిన్న చిన్న తేడాలే సంగీతానికి ప్రాణమా? అవునని అమెరికన్ పరిశోధకుడు చార్లెస్ కైల్ 1987లో గట్టిగా వాదించాడు. ఒకరితో ఒకరు అచ్చంగా కలవకపోవడంలోనే శ్రోతను లోపలికి లాగే శక్తి ఉందన్నాడు. 2013లో జర్మన్ పరిశోధకులు దానికి ఎదురు ఫలితం చూపించారు. రాక్ డ్రమ్స్ వరసల్లో దెబ్బలను ముందుకూ వెనక్కూ జరిపి వినిపిస్తే, కంప్యూటరు గీత గీసినట్టు వాయించిన వరసకే శ్రోతలు ఎక్కువ మార్కులు వేశారు. ఈ తగవు ఇంకా తెగలేదు. హోల్గర్ హెన్నిగ్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధన మాత్రం ఒక దారి చూపిస్తుంది. మనిషి లయలో వచ్చే హెచ్చుతగ్గులు ఒకదానితో ఒకటి ముడిపడి, చాలాదూరం దాకా ఒకదాని జ్ఞాపకం ఇంకోదానిలో ఉంటుంది. ఉత్తినే చిందరవందరగా చల్లిన తేడాలకన్నా అటువంటివే శ్రోతలకు నచ్చాయి. గాడి తప్పడం వేరు, గాడిని తెలిసి విడిచిపెట్టడం వేరు. రికార్డింగు సాఫ్ట్‌వేర్లలో తేడాలను ఉత్తినే చల్లే ‘హ్యూమనైజ్’ బటన్ నొక్కితే ప్రాణం రాకపోవడం అందుకే సహజం.

మరి ఆ గాడి ఎక్కడుంటుంది? చెవిలో ఉంటుందనుకుంటాం, కానీ ఒంట్లో ఉంటుందనే చెప్పాలి. 2005లో కెనడాలో జెస్సికా ఫిలిప్స్-సిల్వర్, లారెల్ ట్రైనర్ ఏడు నెలల పసివాళ్ల మీద ఒక ప్రయోగం చేశారు. ఎక్కడా ఊనిక లేని ఒక లయను వినిపిస్తూ కొందరు పిల్లలను రెండు బీట్లకొకసారి, కొందరిని మూడింటికొకసారి చేతుల్లో ఎగరేశారు. తర్వాత ఊనికతో వినిపిస్తే, తమను ఎగరేసిన లెక్కకు సరిపోయే లయనే పిల్లలు ఎక్కువసేపు విన్నారు. కళ్లకు గంతలు కట్టినా ఫలితం మారలేదు. ఎగురుతున్నవాళ్లను చూస్తూ కూర్చున్న పిల్లలకు మాత్రం అది అబ్బలేదు. పెద్దవాళ్లు కదలకుండా పడుకుని లయ వింటున్నా మెదడులో కదలికను నడిపే భాగాలు పనిచేస్తాయని స్కానింగ్ పరిశోధనలూ చూపించాయి. లయ నేర్పే పద్ధతుల్లో దీనికన్నా సూటి పాఠం లేదు. ఒళ్లు కదలకుండా, చూసి, చదివి నేర్చుకున్నది ఒంటికి ఎక్కదు.

ప్రయోగశాలల కన్నా ముందే ఈ సంగతి పట్టుకున్న టీచరు ఎమిల్ జాక్-డాల్‌క్రోజ్. 1892లో జెనీవా సంగీత కళాశాలలో హార్మనీ చెప్పడం మొదలుపెట్టాక, విద్యార్థులు కార్డులు కాగితం మీద తప్పు లేకుండా రాస్తున్నా వాటిని లోపల వినలేకపోతున్నారని, లయ నిలపలేకపోతున్నారని గమనించాడు. వాళ్లను బల్లల మీంచి లేపి నడిపించాడు. కాళ్లు ఒక లయ, చేతులు ఇంకో లయ. యూరిథ్మిక్స్ అనే ఆ పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా నడుస్తోంది. తెలుగు నగరాల పియానో క్లాసుల్లో మాత్రం దాని జాడ తక్కువ.

ఈ ఆలోచనను జాజ్ పియానో వైపునుంచి లోతుగా తవ్వినవాడు విజయ్ అయ్యర్. తమిళ తల్లిదండ్రులకు అమెరికాలో పుట్టిన ఈ పియానిస్టు చిన్నప్పుడు పాశ్చాత్య పద్ధతిలో వయొలిన్ నేర్చుకున్నాడు, పియానో మాత్రం చాలావరకు వినికిడితోనే పట్టుకున్నాడు. 1998లో బర్కలీలో చేసిన డాక్టరేటు పరిశోధనలో ఆయన వాదించింది ఇదే: ఆఫ్రికన్, ఆఫ్రికన్-అమెరికన్ సంగీతాల్లోని సూక్ష్మమైన కాలభేదాలను నడక, మాట, ఊపిరి వంటి ఒంటి కదలికలతో కలిపి చూడకపోతే అవి అర్థం కావు. 2011లో వచ్చిన ఆయన ఆల్బమ్ ‘తీర్థ’లో గిటారు ప్రసన్నది, తబలా హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన నితిన్ మిట్టది. అక్కడ కాలాన్ని మోసే పని ముగ్గురి మధ్యా చేతులు మారుతుంటుంది. పియానో ఎడమచేయి తబలాకు చోటివ్వడం నేర్చుకోవడం ఎలాగో అందులో వినవచ్చు.

లయ వీధిలోనే దొరికే ఊళ్లు కొన్ని ఉన్నాయి. న్యూ ఆర్లియన్స్‌లో పియానిస్టు ప్రొఫెసర్ లాంగ్‌హెయిర్ క్యూబన్ రుంబానూ ఊరేగింపు డ్రమ్స్‌నూ బ్లూస్‌లో కలిపి వాయించేవాడు, కాలితో పియానో పలకను తన్ని తాళం వేసుకునేవాడు. క్యూబాలో క్లావే అనే రెండు బార్ల వరస ఉంది. ఒక బార్‌లో మూడు దెబ్బలు, ఇంకో బార్‌లో రెండు. పియానిస్టు మళ్లీ మళ్లీ వాయించే మొంటూనో అనే వరస దానికి ఒదిగి నడవాలి. దెబ్బలు వాయించేవాడు ఆపేసినా క్లావే పోదు, అందరి లోపలా నడుస్తూనే ఉంటుంది. రెండు బార్లనూ తారుమారుగా పట్టుకున్న పియానిస్టు ఒక్క స్వరం తప్పు వాయించకపోయినా పక్కవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది.

తెలుగు పిల్లలకు ఇందులో ఒక సౌకర్యం ఉంది, దాన్ని పియానో క్లాసులు వృథా చేస్తున్నాయి. కర్ణాటక సంగీతం మొదలుపెట్టిన పిల్ల మొదటి రోజునుంచే చేత్తో ఆది తాళం వేస్తూ సరళీ స్వరాలు పాడుతుంది. అవే స్వరాలను మూడు కాలాల్లో పాడుతుంది, చేయి మాత్రం వేగం మార్చదు. కృతుల్లోకి వచ్చాక అనాగత ఎడుపులో తాళం మొదలయ్యాక పాట ఎత్తుకుంటుంది. మొజార్ట్ తండ్రికి వివరించిన రెండు పొరలూ ఆ పిల్లకు అలవాటే. అదే పిల్ల పియానో ముందు కూర్చుంటే రెండు చేతులూ పనిలో పడతాయి, తాళం వేసే చేయి ఉండదు. ఆ తాళాన్ని కాలికో నోటికో ఎడమచేతికో అప్పగించాలని ఎవరూ చెప్పరు.

జతులతో ఆ పని సులువుగా అవుతుంది. షోపాన్ ‘ఫాంటసీ ఇంప్రోంప్టు’లో కుడిచేయి నాలుగు స్వరాలు వాయించేలోపు ఎడమచేయి మూడు వాయించాలి. ఈ చిక్కు దగ్గర ఏళ్ల తరబడి ఆగిపోయేవాళ్లున్నారు. పుస్తకం మూసి, పన్నెండు మాత్రలు లెక్కపెట్టుకుని, ‘తకధిమి’ అని నోటితో మూడుసార్లు అంటూ ‘త’ దగ్గర మాత్రమే ఎడమచేత్తో తొడ మీద కొట్టాలి. అది నిలిచాక మూడు మాత్రలకొకసారి కుడిచేయి కలపాలి. పన్నెండూ దాటగానే రెండు చేతులూ ఒకచోట పడతాయి. మిశ్ర చాపు ‘తకిట తకధిమి’ వచ్చిన పిల్లకు ఏడు బీట్ల బార్ అసలు భయమే కాదు.

మెట్రోనోమ్ వాడాలా వద్దా అన్నదాని మీద టీచర్లలో రెండు వర్గాలున్నాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ 1814లో కనిపెట్టిన ఆ మెకానిజానికి మేల్జెల్ మరుసటి ఏడు పేటెంటు తీసుకున్నప్పటినుంచీ ఈ తగవు ఉంది. టిక్కుతో పాటు వేలితో తట్టమంటే మనుషులు టిక్కుకన్నా కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే తడతారని ప్రయోగాల్లో మళ్లీ మళ్లీ తేలింది. మనిషి టిక్కు విని స్పందించడు, ముందే ఊహిస్తాడు. అందుకని పెంచాల్సింది ఆ ఊహనే. జాజ్ వాద్యకారులు టిక్కును రెండో, నాలుగో బీట్ల మీద మాత్రమే పెట్టుకుంటారు. తర్వాత బార్‌కొకటి, ఆ తర్వాత రెండు బార్లకొకటి. యంత్రం వదిలేసిన ఖాళీని ఒళ్లు నింపాలి. రాగ్‌టైమ్ స్వరకర్త స్కాట్ జాప్లిన్ 1908లో అచ్చువేసిన ‘స్కూల్ ఆఫ్ రాగ్‌టైమ్’ అభ్యాసాల్లో ఇటువంటి ఏర్పాటే ఉంది. వాయించాల్సిన వరసకు పైన, వాయించకూడని ఇంకో వరస వేశాడు. అందులో సింకోపేషన్, అంటే ఊనిక బీట్ నుంచి పక్కకు జరగడం, లేదు. పక్కకు జరిగిన ప్రతి స్వరం ఆ నిలకడైన వరసలో ఎక్కడినుంచి ఎక్కడిదాకా నిలవాలో చుక్కల గీతలు చూపిస్తాయి. రాగ్‌టైమ్‌ను వేగంగా వాయించవద్దని కూడా ఆయన గట్టిగా చెప్పాడు.

ఇళ్లలో ఉండే కీబోర్డుల గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఆటో అకంపనిమెంట్ పెడితే ఎడమచేయి కార్డు పట్టుకుంటే చాలు, డ్రమ్స్, బాసు యంత్రమే వాయిస్తుంది. పెళ్లిళ్లలో, కచేరీల్లో అది అవసరమే. నేర్చుకునే పిల్లకు మాత్రం అది చంకలు పట్టుకుని నడిపించడం లాంటిది, కాళ్ల మీద బరువు ఎన్నటికీ పడదు. బ్లూటూత్ హెడ్‌ఫోన్లతో ఇంకో బెడద ఉంది. కీ నొక్కాక శబ్దం చెవికి చేరేసరికి సెకనులో పదో వంతు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ గడిచిపోతుంది. ఇంతసేపూ చెప్పుకున్న తేడాలన్నీ ఆ ఆలస్యంలో మునిగిపోతాయి. తీగ ఉన్న హెడ్‌ఫోన్లు వాడడమే మేలు.

స్వరం ఎప్పుడు మొదలైందన్నది ఒకటైతే, ఎప్పుడు ఆగిందన్నది ఇంకొకటి. చాలామంది పట్టించుకోనిది ఇదే. పియానో శబ్దం పుట్టినప్పటినుంచే తగ్గుతూ పోతుంది కాబట్టి వేలు ఎత్తే క్షణంలోనే నడక తెలుస్తుంది. పెడల్ తొక్కిపట్టి సాధన చేస్తే ఆ క్షణాలన్నీ చెరిగిపోతాయి. లయ కోసం కూర్చున్న రోజున పెడల్ ముట్టుకోకపోవడమే మంచిది.

న్యూయార్కులో పాఠాలు చెప్పిన అంధ పియానిస్టు లెనీ ట్రిస్టానో విద్యార్థుల చేత లెస్టర్ యంగ్ శాక్సఫోన్ సోలోలను రికార్డుతో పాటు పాడించేవాడు. ప్రతి ఆగడం, ప్రతి ఆలస్యం గొంతులోకి వచ్చాకే వాద్యం మీద పెట్టాలి. ఈ పద్ధతికి తెలుగు సినిమా పాట కూడా బాగా పనికొస్తుంది. బీట్ దాటాక పల్లవి ఎత్తుకునే పాట ఏదైనా తీసుకుని, గాయకుడి ఊపిరి దొరికేదాకా రికార్డింగుతో పాటు పాడాలి. తర్వాత పాడడం ఆపకుండా ఎడమచేత్తో రెండే స్వరాలు సమంగా వాయించాలి. గొంతు వెనకబడినా ఆ చేయి కదలకూడదు. అది నిలిచాకే పాట కుడిచేతికి రావాలి. ఇదంతా ఫోన్లో రికార్డు చేసుకుని వారం తర్వాత వింటే, ఎడమచేయి ఏ పదం దగ్గర తొందరపడిందో టీచరు చెప్పకుండానే దొరుకుతుంది.